గాలి పడవను నమ్ముటకు ముందు

(శ్రీముఖలింగమున పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున మేము పెద్ద విషయమేమియు మాట్లాడబోవుట లేదు. మీ ఎదుట ఈ అరుగు మీద పరచియున్న పాత రబ్బరు పడవయే మా ప్రసంగ విషయము. దీనిని ఉదయమున నలుగురు మోసికొని వచ్చిరి. మడతలలో ఎలుకల రెట్టయు, సాలెగూళ్ళును ఉన్నవి. తయారు చేసినవారి చీటీ చెరిగిపోయినది. ఎందరు ఎక్కవచ్చునో తెలుపు పలక ఊడిపోయినది. మూడుచోట్ల ఎవరో మాసికలు వేసియున్నారు.

దీనిని చూచి ఒక సభ్యులు, “ఇది ఇంకను పనికివచ్చునా?” అని అడిగిరి. వేరొకరు, “గాలి కొట్టి చూచిన తెలియును గదా” అనిరి. ప్రశ్న చాల మంచిది. సమాధానము మాత్రము చాలదు. గాలి నిలిచిన పడవ యంతయు మనుష్యుని మోయు పడవ కాదు. ఈ తేడాను మీకు కన్నులార చూపవలెననియే మేము వచ్చితిమి.

వంశధారను గురించి మీకు మేము చెప్పవలసినది లేదు. ఒడిశాలో కలహండి ప్రాంతపు కొండలలో పుట్టి, సుమారు 254 కిలోమీటర్లు పారి, కళింగపట్నము వద్ద సముద్రమున కలియు ఈ నది, శివరాత్రి వెళ్ళిన పిమ్మట చక్రతీర్థ స్నానమునకు వచ్చు లక్షల జనమును తన ఇసుకతిన్నెలపై కూర్చుండబెట్టుకొనును. పసిపిల్లలు కూడ మోకాటి లోతున ఆడుకొందురు. ఆ నదియే వర్షకాలమున వేరు రూపము తాల్చును. ఇక్కడ చినుకు పడకున్నను, ఎగువ కొండలలో కురిసిన వాన హిరమండలము వద్ద గొట్టా బారేజీని దాటి మన పొలములపైకి వచ్చును. 1980 నాటి వరదను చూచిన పెద్దలు మీలో ఉన్నారు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపానును, ఆ వెనుక వచ్చిన వరదను పిల్లలు సయితము మరువలేదు.

అట్టి రాత్రి దారి తెగును. లోతట్టు వాడలో నెలలు నిండిన తల్లియో, మంచము పట్టిన వృద్ధుడో ఉండును. అప్పుడు ఎవరికో ఒకరికి, “పంచాయతీ గదిలో పడవ ఉన్నది గదా!” అని జ్ఞాపకము వచ్చును. ఆ జ్ఞాపకము మేలు చేయునా, కీడు చేయునా అనునది నేడు మనము చేయు పరీక్షపై ఆధారపడి యుండును.

గాలిమీద తేలుట క్రొత్త గాదు

గాలిని సంచిలో పట్టి నదిని దాటుట మానవునికి పాత విద్యయే. పంజాబు, హిమాచల ప్రాంతములలో ఎద్దు చర్మమును, గేదె చర్మమును ఊది, దానిపై బోర్ల పడుకొని వేగమైన నదులను దాటెడివారు. ఆ చర్మము ఎండి పగులును, తడిసి క్రుళ్ళును. రబ్బరు రాకతో ఆ చిక్కు కొంత తీరినది. అయితే పచ్చి రబ్బరు ఎండకు కరగి జిగురగును, చలికి పెళుసెక్కును. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అను అమెరికా దేశీయుడు రబ్బరును గంధకముతో కలిపి కాచినచో ఆ దోషములు తగ్గునని కనుగొనెను. అటుపిమ్మట 1840 ప్రాంతములలోనే పీటర్ హాల్కెట్ అను ఆంగ్ల నావికాధికారి, రబ్బరు పూసిన గుడ్డతో, ధరించిన అంగీగాను ఊదిన పడవగాను ఉపకరించు సాధనమును నిర్మించెను. నేటి గాలి పడవలు ఆ కుటుంబములోనివే.

మన తీరమునకు కూడ ఇందులో ఒక పాఠము కలదు. మేకులు వేయక పలకలను కొబ్బరి పీచు త్రాళ్ళతో కుట్టిన మసూలా పడవలు ఒకప్పుడు మన తూర్పు తీరపు అలలపై నడచినవి. ఆ పడవలవారు పలకను ఎంత చూచెడివారో కుట్టును అంతకంటె ఎక్కువగా చూచెడివారు. గాలి పడవ విషయమునను అదే మాట నిజము. గుడ్డకంటె అతుకు ముఖ్యము. ఈ మాటను మరువవద్దు. చివర మరల దీనికి వత్తుము.

మొదటి పని: ఇది ఏ పదార్థము?

“రబ్బరు పడవ” అని మనము ఒకే పేరుతో పిలుచుచున్నాము గాని, ఇవి ముఖ్యముగా మూడు జాతులు. జాతి తెలియక జిగురు పూయుట, రోగము తెలియక మందు వేయుట వంటిది.

మొదటిది ప్రత్తి గుడ్డకు సహజ రబ్బరు పట్టించినది. మిక్కిలి పాతవి ఇట్టివే. రెండవది నైలాను లేక పాలిస్టరు గుడ్డకు లోపలివైపున నియోప్రీన్, వెలుపలివైపున హైపలాన్ అను కృత్రిమ రబ్బరులు పట్టించినది. హైపలాన్ అనునది డ్యూపాంట్ కంపెనీ పెట్టిన పేరు. ఆ కంపెనీ 2010లో దాని ఉత్పత్తిని మానివేసినది. అయినను అదే జాతి రబ్బరును ఇతరులు చేయుచున్నారు, పాత పేరే వాడుకలో నిలిచినది. మూడవది పి.వి.సి. పూత గుడ్డ. ఇది రబ్బరే కాదు, ఒక ప్లాస్టిక్కు. మన ఇండ్లలో నీళ్ళ గొట్టములు చేయు పదార్థమే, మెత్తబరచు నూనె కలిపినందున గుడ్డవలె మడతపడును.

వీనిని గుర్తించుటకు ప్రయోగశాల అవసరము లేదు. కన్ను, చేయి, ఒక గరుకు కాగితపు ముక్క చాలును.

ముందుగా కంటితో చూడుడు. పి.వి.సి. గుడ్డ సాధారణముగా కొంచెము నిగనిగలాడును, లోపలి ముఖము కూడ నున్నగా ప్లాస్టిక్కువలెనే ఉండును. హైపలాన్ మెరయదు. వాల్వు విప్పి ఆ రంధ్రముగుండ లోపలి ముఖమును చూచినచో తరచుగా వెలుపలి రంగునకు భిన్నమై నల్లగానో, ముదురు బూడిద రంగుగానో కనబడును. ఇప్పుడు మన పడవను చూడుడు: వెలుపల వెలిసిన బూడిద రంగు, లోపల నలుపు.

రెండవది అతుకులను చూచుట. పి.వి.సి. పడవల అతుకులు పెక్కుచోట్ల వేడితో కరగించి కలిపినవై యుండును. హైపలాన్ పడవల అతుకులు జిగురుతో అంటించి, పైన పట్టీ వేసినవై యుండును. ఇక్కడ పట్టీ అంచు వ్రేలికి తగులుచున్నది.

మూడవది గరుకు కాగితము. కనబడని మూల యొకచోట సన్నని గరుకు కాగితముతో తేలికగా రుద్దుడు. హైపలాన్, నియోప్రీన్ వంటి రబ్బరులైనచో మెత్తని పొడి రాలి, ఆ చోటు ముక్కవలె గరుకగును. పి.వి.సి. పొడి రాలదు; గీతలు పడి, అలుకుకొనిపోయినట్లగును. మేము మీ ఎదుట రుద్దితిమి. బూడిద రంగు పొడి కాగితమునకు అంటినది.

నాల్గవది ద్రావకపు పరీక్ష. పెయింట్లకు, ప్లాస్టిక్కు జిగురులకు వాడు మిథైల్ ఇథైల్ కీటోన్ అను ద్రావకమును తెల్లని గుడ్డపై ఒక బొట్టు వేసి, దాగియున్న చోట అద్దవలెను. పి.వి.సి. అయినచో వెంటనే మెత్తబడి జిగటగును. హైపలాన్ అంతగా చలింపదు. ఈ ద్రావకము పెట్రోలువలె అంటుకొనును. బీడీ, చుట్ట, దీపము దాపునకు రాకూడదు.

సహజ రబ్బరా, కృత్రిమమా అని సందేహము మిగిలినచో మీ ఉన్నత పాఠశాల సైన్సు మాస్టరుగారిని పిలువుడు. వారు రాగి తీగను ఎర్రగా కాల్చి, పదార్థమునకు తాకించి, మరల మంటలో పెట్టుదురు. పి.వి.సి., నియోప్రీన్, హైపలాన్ మూటిలోను క్లోరిన్ కలదు గనుక మంట పచ్చబడును. సహజ రబ్బరులో క్లోరిన్ లేదు గనుక పచ్చబడదు. ఇది గోరంత ముక్కతో, ఆరుబయట, పొగ పీల్చకుండ చేయవలసిన పరీక్ష. పడవమీద మంట పెట్టరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పరీక్షలన్నియు కలిపి చూడగా ఈ పడవ హైపలాన్, నియోప్రీన్ జాతిదని తేలినది. అనగా దీనిపై వేసిన మూడు మాసికలును తప్పు మాసికలే. అవి సైకిలు ట్యూబు ముక్కలు, సైకిలు సొల్యూషనుతో అంటించినవి.

మేము చేసిన తప్పు

ఈ తప్పు చేసినవారిని మేము నిందింపలేము. మేమే ఒకప్పుడు ఇంతకంటె పెద్ద తప్పు చేసితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామపు చెరువులో వాడుటకు ఒక పడవను బాగుచేయుమని మమ్ము పిలిచిరి. అది పి.వి.సి. పడవ. మేము పదార్థమును అడుగలేదు. “రబ్బరు పడవ” అనిరి, మేమును రబ్బరే అనుకొంటిమి. సైకిలు సొల్యూషనుతో మాసిక వేసి, చెట్టు నీడలో ఒక పూట గాలి నిలుచుట చూచి, సంతోషించితిమి.

మరునాడు మిట్టమధ్యాహ్నమున నలుగురు ఎక్కిరి. చెరువు నడుమకు పోవుసరికి మాసిక ఆకువలె లేచినది. ప్రక్క గొట్టము కుంగినది. అదృష్టవశమున అక్కడ నీరు గుండె లోతు మాత్రమే. ఈత రాని బాలుడొకడు త్రాడు పట్టుకొని బయటపడెను. గట్టుమీద వాని తల్లి మమ్ము ఒక్క మాటయు అనలేదు. ఆమె చూచిన చూపు మాకు నేటికిని జ్ఞాపకమున్నది.

తరువాత కారణము తెలిసికొంటిమి. పి.వి.సి.లోని మెత్తబరచు నూనె కొంచెము కొంచెముగా ఊరి, రబ్బరు జిగురును లోపలినుండి కరగించును. ఎండలో ఆ పని త్వరగా జరుగును. నీడలో నిలిచినది ఎండలో నిలువదు.

కావున ఈ మూడు మాటలు గోడమీద వ్రాసికొనుడు. సహజ రబ్బరునకు రబ్బరు సొల్యూషను. హైపలాన్‌కు, నియోప్రీన్‌కు గట్టిపరచు మందు కలిపి వాడు నియోప్రీన్ జిగురు. పి.వి.సి.కి గట్టిపరచు మందు కలిపి వాడు పాలీయురిథేన్ జిగురు. మాసిక గుడ్డయు పడవ గుడ్డ జాతిదే కావలెను.

గాలి ఎంత?

బాగుచేయుటకు ముందు లోపము ఎక్కడనో తెలియవలెను. అందుకు గాలి నింపవలెను. ఇచటనే పెక్కు పడవలు చెడుచున్నవి. లారీ టైర్లకు గాలి పట్టు దుకాణమునకు పడవను తీసికొనిపోవువారు ఉన్నారు. అట్లు ఎన్నడును చేయకుడు.

చాల పడవల ప్రక్క గొట్టములకు కావలసిన ఒత్తిడి సుమారు 0.25 బార్, అనగా చదరపు అంగుళమునకు మూడున్నర పౌనులు మాత్రమే. సైకిలు చక్రమునకు నలుబది పౌనులు పట్టుచున్నాము గదా, దీనికి ఇంత తక్కువయేల అని అడుగవచ్చును. గొట్టము లావు పెరిగిన కొలది, అదే ఒత్తిడికి గుడ్డపై లాగుడు పెరుగును. 44 సెంటీమీటర్ల లావుగల పడవ గొట్టములో 0.25 బార్ ఒత్తిడి ఉన్నప్పుడు, ప్రతి సెంటీమీటరు వెడల్పు గుడ్డయు సుమారు అయిదున్నర కిలోల లాగుడును భరించుచుండును. నాలుగు సెంటీమీటర్ల లావుగల సైకిలు టైరు నలుబది పౌనుల వద్ద భరించు లాగుడును దాదాపు అంతే. ఇప్పుడు పడవకు కూడ నలుబది పౌనులు పట్టినచో ఏమగునో మీరే లెక్కించుడు: పదకొండు రెట్లకు పైగా లాగుడు! కాలి పంపు మాత్రమే వాడుడు. ఒత్తిడి చూపు చిన్న మీటరును పంపుతో పాటు కొనుడు.

ఎండను గూడ లెక్కలోనికి తీసికొనవలెను. ఉదయమున 25 డిగ్రీల వద్ద 0.25 బార్ నింపిన గొట్టము, పగలు లోపలి గాలి 45 డిగ్రీలకు వేడెక్కునప్పటికి 0.33 బార్‌కు చేరును. అనగా మూడవ వంతు ఎక్కువ. నింపిన పడవను ఎండలో విడిచిపెట్టరాదు. అట్లే రాత్రి చల్లబడి కొంచెము వదులైనంత మాత్రమున గాలి పోవుచున్నదని బెదరరాదు. పరీక్షను ఉదయమున మొదలుపెట్టి, మరునాడు అదే వేళకు కొలిచినచో నిజము తెలియును.

లోపమును వెదకుట

పడవ గొట్టము లోపల గోడలు కట్టి గదులుగా విభజింపబడి యుండును. ఒక గది పగిలినను తక్కినవి తేల్చవలెనను ఉద్దేశము అది. కావున మొదట గదులన్నింటికి కొంచెము కొంచెముగా, వరుసగా గాలి పట్టుచు రావలెను. ఒకదానిని బిర్రుగా నింపి ప్రక్కదానిని ఖాళీగా ఉంచినచో లోపలి గోడ చిరుగును. లోపలి గోడను పరీక్షింపదలచినచో తక్కువ ఒత్తిడితో ఒక గదిని మాత్రము మెత్తగా నింపి, ప్రక్క గది తానుగా ఉబ్బుచున్నదేమో చూడవలెను. ఉబ్బినచో లోపలి గోడ కారుచున్నదన్నమాట.

తరువాత సబ్బు నీరు. బట్టల సబ్బును నీటిలో కరగించి, మెత్తని కుంచెతో మొదట వాల్వులకు, పిమ్మట అతుకులకు, చివర గుడ్డకు పూయుడు. బుడగ వచ్చిన ప్రతిచోట సుద్దముక్కతో గుండ్రముగా గీయుడు. ఒకచోట ఒక బుడగ వరుసగా వచ్చినచో అది రంధ్రము, మాసికతో పోవును. వాల్వు చుట్టు వచ్చినచో ఇసుకయో, ఎండిన వాషరో కారణము కావచ్చును. విప్పి కడిగినచో తరచుగా సరియగును. కాని జానెడు మేర గుడ్డయంతయు చెమర్చినట్లు సన్నని నురుగు వచ్చినచో, పూత చచ్చి గుడ్డయే గాలిని వదలుచున్నదని అర్థము. దానికి మాసిక లేదు.

మాసిక వేయు విధానము

మాసిక వేయుటకు కాలము చూడవలెను. గాలిలో చెమ్మ ఎక్కువగా ఉన్నప్పుడు, జిగురులోని ద్రావకము ఆవిరియగుచు గుడ్డను చల్లబరచును. ఆ చల్లని జిగురుపై కంటికి కనబడని తేమ చేరి, పట్టును చెరచును. కావున శ్రావణములో వరద వచ్చునని ఆషాఢములో మాసిక వేయువాడు ఆలస్యము చేసినవాడే. మన ప్రాంతమున మాఘ ఫాల్గుణములలో, మంచు విడిచిన పిమ్మట, పొడి పగటివేళ నీడలో చేయుట మేలు. చక్రతీర్థ స్నానములు ముగిసిన వారమును ఈ పనికి గుర్తుగా పెట్టుకొనినచో మరపు రాదు.

పడవలోని గాలి అంతయు తీసి, ఆ చోటును బల్లపై చదునుగా పరువుడు. పాత తప్పు మాసికను, దాని జిగురును పూర్తిగా తొలగించుడు. పాత జిగురుపై క్రొత్త జిగురు నిలువదు. మాసిక రంధ్రమునకు అన్ని వైపుల అయిదు సెంటీమీటర్లు మించి యుండవలెను. మూలలు ఉండరాదు, గుండ్రముగా కత్తిరింపవలెను. మూలయే మొదట లేచును. పెన్సిలుతో దాని ఆకారమును పడవపై గీసికొని, చుట్టును కాగితపు టేపు అంటించుడు. హైపలాన్ అయినచో రెండు ముఖములను గరుకు కాగితముతో మెరుపు పోవునట్లు సమముగా రుద్దుడు. దారములు కనబడునంతగా రుద్దరాదు. పి.వి.సి. అయినచో రుద్దక ద్రావకముతో తుడుచుటయే చాలును. తుడిచిన పిమ్మట చేతితో ముట్టరాదు. వ్రేళ్ళ జిడ్డు కూడ శత్రువే.

జిగురును, గట్టిపరచు మందును డబ్బాపై చెప్పిన పాళ్ళలో, తూచి కలుపుడు. కలిపినది కొన్ని గంటలకే గడ్డకట్టును. మిగిలినదానిని రేపటికి దాచరాదు. రెండు ముఖములకును పలుచని పూత వేసి, సుమారు అరగంట ఆరనిండు. రెండవ పలుచని పూత వేసి, వ్రేలి కణుపుతో తాకినచో అంటీ అంటనట్లు ఉండువరకు ఆగుడు. మందముగా ఒక్క పూత వేయుట తొందర. లోపల ద్రావకము చిక్కుకొని ఎన్నటికిని గట్టిపడదు. మాసికను నడుమనుండి అంచులకు అదుముచు, గాజు సీసాతోనో, చెంచా వెనుకవైపుతోనో గట్టిగా ఒత్తుడు. ఒక దినము పూర్తిగా గడచువరకు గాలి పట్టరాదు. నిండు ఒత్తిడికి మరి రెండు దినములు ఆగుట మంచిది.

ఈ పని ఆరుబయట నీడలోనే చేయవలెను. ఆ ఆవిరి తల తిప్పును, నిప్పు తగిలినచో భగ్గుమనును. పిల్లలను దూరముగా ఉంచుడు.

చిరుగు అయిదు సెంటీమీటర్లకు మించినచో పై మాసిక మాత్రము చాలదు. లోపలివైపున కూడ వేయవలెను. అది చేయి తిరిగినవారి పని.

ఈ పడవ సంగతి

ఇక మీ ప్రశ్నకు వత్తుము. ఈ పడవ పనికివచ్చునా?

మూడు తప్పు మాసికలను తీసి సరియైనవి వేయవచ్చును. వాల్వు ఒకటి ఇసుకతో బిగిసినది, కడుగగా సరియైనది. గుడ్డ మడచి చూచితిమి, పగుళ్ళు లేవు. ఇంతవరకు శుభమే. కాని కుడిప్రక్క అతుకు అంచును బొటనవ్రేలితో మేము నెట్టగా, పట్టీ ఒక బారెడు పొడుగున లేచివచ్చినది. మీరందరు చూచితిరి. అక్కడ గుడ్డ చావలేదు, జిగురు చచ్చినది. ఎడమప్రక్క ఇంకను పట్టియున్నది. అయితే ఇది కూడ అదే నాడు, అదే చేతితో, అదే జిగురుతో అంటించినదే. ఇట్టి అతుకును మొత్తము విప్పి తిరిగి అంటించుట బల్లలు, అచ్చులు, నేర్పుగల పనివారు ఉన్న కర్మశాలలో జరుగవలెను. అక్కడ కూడ వారు వ్యయమును లెక్కించి, వద్దని చెప్పవచ్చును.

కావున మా మాట ఇది: ఈ పడవపై మనుష్యులను ఎక్కింపరాదు.

ఈ మాట మీకు రుచింపదని మాకు తెలియును. ఒక పెద్దాయన, “మనుష్యులను వద్దు, బియ్యపు బస్తాలకైనను ఉంచుకొందుము” అనిరి. సబబుగా తోచు మాటయే. అయితే ఆలోచింపుడు. వరద రాత్రి ఎవరును రిజిస్టరు చదువరు. నీరు గడప దాటినప్పుడు, ఇది బస్తాల పడవయా, మనుష్యుల పడవయా అని అడుగువారు ఉండరు. పడవ కనబడినచో పిల్లలనే మొదట ఎక్కింతురు. అందుచేత సందేహముగల పడవను గదిలో ఉంచుట, లేని పడవకంటె ప్రమాదము. పడవ లేదని తెలిసినవారు ముందుగానే మెరకకు పోవుదురు. పడవ ఉన్నదనుకొన్నవారు చివరి వరకు కూర్చుందురు.

దీనిని కర్మశాల పరీక్షకు పంపుడు. వారు బాగుచేసి వ్రాతపూర్వకముగా సరియని చెప్పినచో మరల తెచ్చుకొనుడు. లేనిచో అందరు చూచుచుండగా గొట్టమును కోసివేయుడు. కోసిన గుడ్డపై యువకులకు మాసిక వేయుట నేర్పుడు. ఆ విధముగా ఈ పడవ చివరి సేవ చేయును.

పంచాయతీ తీర్మానము

రేపు మరియొక పడవ మీకు వచ్చినచో, క్రొత్తదైనను పాతదైనను, ఈ నియమములు పాటింపుడు.

వచ్చిన దినముననే పదార్థమేదో పరీక్షించి, రిజిస్టరులోను, పడవ సంచిపైనను చెరగని సిరాతో వ్రాయుడు. తగిన మాసిక గుడ్డను, జిగురును పడవతో పాటే అడుగుడు. జిగురు గడువు తేదీని గమనింపుడు. ఎందరు ఎక్కవచ్చునో తెలుపు పలక లేనిచో ఊహించి నింపకుడు.

ఏటేట చక్రతీర్థము తరువాత గాలి నింపి, ఒక దినమంతయు ఉంచి, ఒత్తిడిని కొలిచి వ్రాయుడు. తరువాత నిలువ నీటిలో, గట్టు దాపున, మనుష్యులకు బదులు అంత బరువుగల ఇసుక బస్తాలతో తేల్చి చూడుడు. ఇసుకకు ప్రాణము లేదు. తప్పు జరిగినను ఏడ్చువారు ఉండరు.

దాచునప్పుడు మంచినీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, టాల్కం పౌడరు చల్లి, వదులుగా చుట్టి, నేలకు తగులకుండ బల్లపై ఉంచుడు. కిరసనాయిలు, డీజిలు, ఎరువులు, పురుగుమందులు ఆ గదిలో ఉండరాదు. ఏటేట మడతలు మార్చుడు. ఎలుకలకు గుడ్డయు ధాన్యపు సంచియు ఒకటే.

ఇద్దరి పేర్లు వ్రాయుడు, పదవుల పేర్లు కాదు. పదవి మారును, తాళపుచెవి పోవును. ఆ ఇద్దరును ఈత వచ్చినవారై, పడవ నడుపుట నేర్చినవారై యుండవలెను. ఎక్కువారికి సరిపడు లైఫ్ జాకెట్లు లేనిదే పడవ గది దాటరాదు.

చివరగా ఒక మాట. ఎంత మంచి పడవయైనను, వరద వేగమున నున్న వంశధారలోనికి దింపుటకు కాదు. అది శిక్షణ పొందిన రక్షణ దళముల పని. పంచాయతీ పడవ పొలములలో, వీధులలో నిలిచిన నీటిని దాటుటకు మాత్రమే. హెచ్చరిక వచ్చినప్పుడు ముందుగా లేచి మెరకకు నడచుటకు మించిన రక్షణ ఏ కర్మశాలలోను తయారు కాలేదు.

ఈ పడవను మోసికొని వచ్చిన నలుగురును దీనిని మరల పాత గదికి మోసికొనిపోవుదురా, కర్మశాలకు పంపుదురా అనునది ఇప్పుడు మీ చేతిలో ఉన్నది. అధ్యక్షులవారు రిజిస్టరు తెప్పించినారు. అందు మొదటి పుటలో మొదటి పంక్తి నేడే వ్రాయవలెనని కోరుచున్నాము.